సుబ్బరత్నం పెట్టిన కాపలా

చండ్రుగొండలో సుబ్బరత్నం అనుమానం గురించి తెలియనోళ్లు లేరు. పాలాయన గిన్నెలో పాలు పోస్తే వేలు ముంచి చూసిగానీ లోపలికి తీసుకపోదు. కూరగాయల బండి దగ్గర కాటా మీద అంకెలు చూడదు, బండాయన బొటనవేలు ఎక్కడుందో చూస్తది. మనిషి చెడ్డది కాదు సుమా. పక్కింట్లో జ్వరమొస్తే జావ కాచి పంపేది ఆమెనే. ఆ గిన్నె తిరిగొస్తే తనదేనా కాదా అని బోర్లించి చూసేది కూడా ఆమెనే. మొగుడు వెంకటనారాయణ నోట్లో నాలుక లేని మనిషి. "మా ఇంటికి తాళం అక్కర్లే, మా ఆవిడ ఉంది" అని నవ్వుకుంటూ మిర్చి చేలోకి పోతడు.

ఇట్లాంటి మనిషికి ఒక్కగానొక్క ఆడపిల్ల ఉంటే ఎట్లుంటదో మీరే ఊహించుకోండి. లిఖిత కొత్తగూడెంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నది. పొద్దున బస్సెక్కిన పిల్ల సాయంత్రం దిగేదాకా తల్లికి అన్నం సయించేది కాదు. అందుకని కాపలా పెట్టింది. పరాయోళ్లను కాదు, సొంత అన్న జయప్రకాశ్ కొడుకు ఉదయ్ భాస్కర్‌ను. వాడికి కొత్తగూడెంలోనే బైకుల షోరూంలో ఉద్యోగం. పిల్లకు వరసైన బావ. "అల్లుడా, కాలం మంచిది కాదు, మీ మరదలి మీద ఓ కన్నేసి ఉంచు" అని తనే అన్నది. పిల్ల ఫోన్ తీసుకుని వాడి చేతిలో తనే పెట్టింది. పిల్ల ఎక్కడుందో చూపించే యాప్ ఒకటి వాడు అందులో వేసి ఇచ్చిండు.

లోకాన్నంతా అనుమానించిన సుబ్బరత్నం వాడొక్కణ్ణి అనుమానించలేదు. బావామరదళ్లన్నాక సరసాలు లేకుంటాయా? చిన్నప్పుడు వాడు లిఖిత జడ పట్టుకుని లాగితే ఇంటిల్లిపాదీ నవ్వింది. పెద్దయినాక భోజనాల దగ్గర పిల్ల చేతిలోని ఫోన్ గుంజుకుంటే "మీ బావే కదే, చూసుకోనీ" అన్నరు. పిల్ల మొహం ముడుచుకుంటే సిగ్గనుకున్నరు.

ఈమధ్య లిఖితలో తేడా కనపడ్డది. ముద్ద గొంతు దిగడం లేదు. మార్చి ఎండలో కూడా పొడుగు చేతుల డ్రెస్సులే వేస్తున్నది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నది. తలనొప్పి అని వారం నుంచి కాలేజీకి పోలేదు. నిన్న పొద్దున ఉన్నట్టుండి "చదువు మానేస్తనమ్మా" అన్నది. సుబ్బరత్నం గుండెల్లో రాయి పడ్డది. ఎవడో ఉన్నడు. పేరు తెలియదు, ఊరు తెలియదు, కానీ ఎవడో ఉన్నడు. బస్సు కండక్టరా? కాలేజీ ముందర జిరాక్స్ షాపులో పిల్లికళ్ల కుర్రాడా? ఆ కుర్రాణ్ణి ఆమె ఒక్కసారే చూసింది, అయినా అనుమానించడానికి ఒక్కసారి చాలు.

దుప్పట్లు దులుపుతుంటే పిల్ల దిండు కింద పుస్తకం దొరికింది. అట్ట మీద అడవి, అడవిలో కోట, కోట ముందు ముళ్ల కిరీటం పెట్టుకున్న రాకుమారుడు. మొదటి పేజీలో కథ లేదు, హెచ్చరిక ఉన్నది. ఇది ప్రేమకథే అయినా ఇందులో మనసును కలతపెట్టే సంగతులున్నాయట. మనిషిని బంధించడం, బెదిరించడం, చేయి చేసుకోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన. చదవలేకపోతే అక్కడితో ఆపేయమన్నరు.

సుబ్బరత్నం ఆ పేజీని పదిసార్లు చదివింది. పురుగుమందు డబ్బా మీద ఎర్ర గుర్తు ఎందుకేస్తరో ఆమెకు తెలుసు. ఇదేంది, పుస్తకం మీద కూడానా? పిల్ల పాడైపోయేది దీనివల్లే అని తేల్చేసుకున్నది. చింపేద్దామనుకున్నది గానీ, దొంగను పట్టకుండా మూట తగలబెడితే ఏం లాభం?

మధ్యాహ్నం కల్లంలో ఎండిన మిర్చి రాశి ముందు కూర్చుని తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతూ కూతుర్ని పిలిచింది. పుస్తకం ఒళ్లో పడేసి, "చదువు, నేను కూడా వింట" అన్నది. అక్షరాలు కనపడక కాదు. చదివేటప్పుడు పిల్ల మొహం చూడాలని.

లిఖిత మొహం పాలిపోయింది. అయినా చదివింది. గొర్లకాపరి కూతురు దాహమేసి కోట దగ్గరికి పోతది. రాకుమారుడు బంగారు చెంబుతో నీళ్లిస్తడు. ప్రేమంటడు. ఆ రోజు నుంచి ఆమె ఎటుపోతే అటు ఒక చిలుకను వెంట పంపుతడు. ఆమె ఎవరితో మాట్లాడింది, ఎక్కడ నవ్వింది అన్నీ ఆ చిలుక సాయంత్రం కోటకొచ్చి చెప్తది.

"మంచిదే కదా. అసలే అడవి, ఒంటరి పిల్ల" అన్నది సుబ్బరత్నం, తాలు కాయ పక్కకేస్తూ.

లిఖిత తలెత్తి తల్లిని ఒక చూపు చూసింది. మళ్లీ తల దించుకుని పేజీ తిప్పింది.

"రెండు పేజీలు ఒక్కసారే తిప్పినవ్. నా కళ్లు పోలేదు. వెనక్కి రా" అన్నది తల్లి.

పిల్ల పేజీ వెనక్కి తిప్పి చదివింది. గొర్లకాపరి కూతురు ఒకరోజు ఏట్లో స్నేహితులతో ఈతకు పోతది. చిలుక చెప్తది. రాకుమారుడు ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పుతడు. గాజులు పగిలి గుచ్చుకుంటయి. మర్నాడు ముత్యాల గాజులు తెచ్చి తొడిగి, "నీ మీద ప్రేమ కాబట్టే" అంటడు.

"వాడి చేతులు పడిపోను. ప్రేమంట, ప్రేమ. ఆ పిల్లకు తల్లి లేదా? ఏం చేస్తున్నదది, గడ్డి పీకుతున్నదా?"

"ఉన్నదమ్మా. ఆమెకు రాకుమారుడంటే మహా నమ్మకం" అన్నది లిఖిత.

పుస్తకం మూసి, కుడిచేతి మీది డ్రెస్సు అంచు మోచేతి దాకా జరిపింది. మణికట్టు చుట్టూ పసుపు తిరిగిన మచ్చలు. వాటి మధ్యన గాజు గీరిన గీతలు. ఎడమచేతికి కొత్త వాచీ.

"ఎవడే?" అన్నది సుబ్బరత్నం. జిరాక్స్ షాపు ఇంకా ఆమె కళ్ల ముందే ఉన్నది.

"బావ. క్లాసు పిల్లలతో కలిసి హోటల్లో టిఫిన్ చేసిన. ఫోన్‌లో చూసుకుని నేరుగా అక్కడికే వచ్చిండు. మర్నాడు ఈ వాచీ కొనిచ్చిండు. నువ్వు చూసి మురిసిపోయినవ్."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పిల్ల అబద్ధమాడుతున్నదేమో అనిపించింది సుబ్బరత్నానికి. ఎవణ్ణో కాపాడ్డానికి బావ మీద పెడుతున్నదేమో. అట్ల అనిపించినందుకు తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించింది. ఏదో అడగబోయేలోపే ఫోన్ మోగింది. లిఖిత ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది. సుబ్బరత్నం మిర్చి ఘాటు చేతులతోనే పిల్ల వేలు పట్టి ఫోన్ ఎత్తించి, స్పీకర్ నొక్కించింది.

"ఇంట్లో లేవేంది? కల్లంలో ఏం పని? గంట నుంచి చూస్తున్న, కదలట్లేదు. ఎవడున్నడు నీ పక్కన?" ఉదయ్ భాస్కర్ గొంతే. కానీ అత్తా, అత్తా అంటూ వంటింట్లోకొచ్చి అప్పడాలు తినే గొంతు కాదిది.

"నేనున్నరా" అన్నది సుబ్బరత్నం.

 అవతల నవ్వు వినపడ్డది. "అత్తా, నువ్వా! ఊరికే, సరసానికి... నువ్వే కదత్తా కన్నేసి ఉంచమన్నది."

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలె? అందులోనూ ఆ కంచె తన చేత్తో నాటుకున్నదే. సుబ్బరత్నానికి కళ్లల్లో నీళ్లు తిరిగినయి. మిర్చి మీదికి తోసేద్దామన్నా ఇవి మిర్చి ఘాటుకొచ్చిన నీళ్లు కావు.

"అవ్, నేనే అన్న. బుద్ధి గడ్డి తిని అన్న. ఇప్పుడు నేనే వద్దంటున్న. పిల్ల చేతిమీద నీ వేళ్లు అచ్చుగుద్దినట్టున్నయి. ఇంకోసారి దాని దారిలో కనపడితే నిన్ను మీ నాయన దగ్గరికి కాదు, పోలీస్‌స్టేషన్‌కు ఈడ్చుకపోత."

లిఖిత యాప్ తీసేస్తుంటే, సుబ్బరత్నం పక్కన కూర్చుని చివరిదాకా చూసింది. ఇంకేమన్నా దాగి ఉన్నదేమోనని మళ్లీ చూసింది. అనుమానం ఎక్కడికి పోతది? రాత్రి అన్న జయప్రకాశ్ ఫోన్ చేసి "పిల్లల సరసాలను పెద్దవి చేస్తవా, రత్నం?" అన్నడు. వెంకటనారాయణ ఆ ఫోన్ అందుకుని "పెద్దవే బావా" అని పెట్టేసిండు. పెళ్లయినాక ఆ మనిషి ఇంత మాట అనడం సుబ్బరత్నం చూడలేదు. పుట్టింటి దారి మూసుకపోయిందని ఆ రాత్రి ఆమె ఏడ్చింది, పిల్ల వినకుండా ఏడ్చింది.

సోమవారం పొద్దున పిల్లతో బస్సు దాకా తనే వచ్చింది. సంచీలో టిఫిన్ డబ్బా, దాని పక్కన ఆ పుస్తకం. లిఖిత చేతికి వాచీ లేదు. పిల్ల ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నది. ఎవరు పక్కన కూర్చుంటరో, ఎన్ని గంటలకొస్తదో, ఎక్కడ దిగుతదో, అడగాల్సినవన్నీ సుబ్బరత్నం నాలుక మీదికి వచ్చినయి. పళ్లు బిగబట్టి నిలబడ్డది.

బస్సు కదిలేటప్పుడు లిఖితే తల బయటికి పెట్టింది.

"అయిదింటి బస్సుకొస్తనమ్మా" అన్నది.