ఎర్ర కాయిదం మార్కులు

మా తమ్ముడు అంబదాస్ నడుసుడు నేర్సుకోకముందే దెబ్బలు తినుడు నేర్సుకున్నడు. మా బాపు నడుం పట్టా ఇప్పిండంటె నేను గల్లీల పడి ఉరికేదాన్ని, వాడు దొరికెటోడు. పదేండ్లకే సిరిసిల్లల బట్ట నేసే సాంచాల మీద పనికి పడ్డడు. ఆడ సేటు కొట్టుడు. ఒకపాలి బట్ట మీటర్లు తక్కువ దిగినయని నలుగురి ముందట కట్టె తీసి వీపు వాయగొట్టిండు. తమ్ముడు ఇంటికొచ్చి అన్నం గిన్నె గోడకు ఇసిరిండు. అత్త మీది కోపం దుత్త మీద అంటరు సూడు, మా ఇంట్ల రోజు గదే నడిసింది.

వానికి ఒక్కతే బిడ్డ, బాలలక్ష్మి. తల్లి సచ్చిపోయినంక మేనత్తను నేనే సాదిన. ఎనభై తొమ్మిదిల పదో తరగతి అయిపోంగనే పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాస్తనన్నది. సీటొస్తె సదువు, రాకుంటె నా పక్కన కూసుండి బీడీలు చేసుడు. ఇంకో తొవ్వ లేదు.

బుచ్చిరాములు సారని ట్యూషన్ చెప్పెటాయన ఆదివారం ఆదివారం పరీక్ష పెడుతుండె. మార్కు చీటి మీద తండ్రి సంతకం కావాలె. మొదటిపాలి నూటికి డెబ్బై ఎనిమిది వచ్చినయి. మా తమ్ముడు ఆ చీటి కార్ఖానంత తిప్పిండు. రెండోపాలి అరవై ఒకటి. సెంప మీద ఒక్కటి ఇచ్చి సంతకం పెట్టిండు. మూడోపాలి నలభై నాలుగు. అసలు పరీక్ష ఇంక ఎనిమిది దినాలే ఉండె.

"బాపూ, ఈసారి సారు ఎర్ర కాయిదం ఇచ్చిండు. అది మస్తు కష్టం" అన్నది పిల్ల.

"ఆడరాక మద్దెల ఓడు అన్నదట నీ అసొంటిదే! కాయిదం రంగు మీద ఏడుస్తవా?" అని గుంజకు ఆనిచ్చిన కట్టె అందుకున్నడు.

నేనెందుకు దాస్తా? "సోకులెక్కువైనయి దీనికి, వెయ్ రా రెండు" అన్నది నేనే. నా నోట్ల మన్నువడ. వాడు రెండుతోని ఆగలే. పిల్ల నెత్తికి తగలకుండ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. పటుక్కుమన్నది. పిల్ల అరవను గూడ అరవలే, నోరు తెరిసి అట్లనే కూలవడ్డది. ముంజేతి బొక్క ఇరిగింది. దవాఖానల పట్టీ ఏపిచ్చి తోలుకొచ్చినం.

ట్యూషన్‌కు రాలేదని మూడోనాడు సారే ఇంటికొచ్చిండు. చేతికి పట్టీ సూసి తలుపు కాడనే నిలవడ్డడు.

"మార్కులు తగ్గినయని కొట్టినవా అంబదాసూ? నా తాన మూడు తీర్ల కాయిదాలుంటయి. తెల్లది అల్కటిది, పచ్చది నడిమిది, ఎర్రది గట్టిది. మంచిగ రాసినోళ్ళకే మీదిది ఇస్త. ఎర్ర కాయిదం అందుకున్నదే ముప్పై మందిల నీ బిడ్డొక్కతి. అండ్ల నలభై నాలుగంటె మాటలా?"

మా తమ్ముడు మొద్దోని లెక్క సూస్తుండు. సారు మల్ల అడిగిండు, "సన్న నూలు పెడితె దినానికి ఎన్ని మీటర్లు దిగుతయి?"

"సగమే. ఊకె తెగుతది."

"సగం దిగితె నీకు పని రానట్టా?"

"సేటు గట్లనే అనుకున్నడు" అన్నడు తమ్ముడు. "కొట్టిన పొద్దు నా సాంచె మీద సన్న నూలే ఉండె, సారూ."

నాకు మాత్రం ఒళ్ళు మండింది. "గీ ముచ్చట చీటి మీద ఒక్క ముక్క రాస్తె నీ సొమ్ము పోతుండెనా సారూ? మాకేం ఎరుక నీ రంగులు?" అని లొల్లి పెట్టిన. సారు తలకాయ ఒంచుకున్నడు. ఎవలను తిడితె ఏముంది, బొక్క అతుకుతదా?

పిల్ల పరీక్షకు పోయింది. ఎడమ చేత్తోని రాసింది. సగం గూడ కాకముందే గంట కొట్టిండ్రు. సీటు రాలే. ఆ ఏడాదంత నా పక్కన కూసుండి ఆకు కత్తిరిచ్చింది. నొప్పి లేస్తె చెయ్యి పట్టుకొని ఆగేది, తండ్రి ఇంట్లుంటె ఆగకపోయేది.

మల్లొచ్చే ఏడు తిరిగి ట్యూషన్‌ల చేరింది. ఇప్పుడు చీటి మీద కాయిదం రంగు గూడ రాసి పంపుతుండు సారు. మొన్న ఆదివారం ఎర్ర కాయిదంల యాభై రెండొచ్చినయి. బిడ్డ చీటి తెచ్చిందంటె చాలు, మా తమ్ముడు చేతులు రెండు తొడల కింద పెట్టుకొని, వాటి మీద కూసుంటడు. "సూడు బిడ్డా, నా చేతులు ఈడనే ఉన్నయి, దగ్గరికి రా" అంటడు.

పిల్ల రాదు. గడప అవుతలనే నిలవడి, చీటి నా చేతికిస్తది.