నెలాఖరు సబ్బు పెట్టెలు

సబ్బుల భాయి పోయాడని నాకు ఫోన్ చేసింది జగిత్యాలలో కిరాణా దుకాణం నడిపే ఒక పెద్దమనిషి. ఆయన దుకాణం మెట్ల మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి, గ్లాసు చేతిలో ఉండగానే భాయి పక్కకు ఒరిగిపోయాడట. ఆ రోజు నెల ఆఖరి రోజు. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. ఒంటి మీద బట్ట కప్పకముందే భాయి జేబులో ఫోన్ మోగిందట. ఎత్తితే అవతల కంపెనీ మేనేజర్. "ఇవాళ్టి ఫిగర్ ఇంకా పంపలేదేం?" అని అడిగాడట.

ఏడవాల్సిన సమయంలో నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ మంటతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు ఏమనుకున్నా సరే.

సిరిసిల్లలో నాకొక చిన్న కిరాణా దుకాణం ఉంది. భాయిది కోరుట్ల. ఒక సబ్బుల కంపెనీకి సేల్స్‌మన్. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఆయన లైన్. దుకాణం దుకాణం తిరిగి ఆర్డర్ రాసుకోవడం పని. మా బజారులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ సబ్బుల భాయే.

కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. గల్లా పక్కన ఖాళీ పెట్టె ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. షుగర్ ఉందని చాయ్‌లో చక్కెర వద్దనేవాడు, మాటల్లోనే నా సీసాలోంచి పల్లీపట్టి తీసి కొరికేవాడు. నేను కళ్లెర్రజేస్తే, "గిది చక్కెర గాదు చెల్లే, బెల్లం" అని నవ్వేవాడు. ఆర్డర్ సంగతి ఆఖరికి. ముందు అడిగేది ఒకటే: "ఏం చెల్లే, సాంచాలు నడుస్తున్నయా?" మరమగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడిస్తేనే మా ఊళ్లో ఏదైనా అమ్ముడుపోతుంది.

మాకు కూలి వారానికి చేతికొస్తుంది. శనివారం సాయంత్రం నా దుకాణం ముందు నిలబడ జాగా ఉండదు, సోమవారం ఈగలు తోలుకోవాలి. జగిత్యాల వైపు పసుపో వడ్లో అమ్ముడుపోయాకే పెద్ద సబ్బు, అప్పటిదాకా చిన్నదే. కోరుట్లలో దుబాయ్ పైసలు వచ్చిన ఇంట్లో ఒక సబ్బు, బీడీలు చుట్టే ఇంట్లో ఇంకో సబ్బు. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, ఇక్కడ సబ్బు కొనే ప్రతి మనిషికీ తెలిసిందే. కంపెనీకి మాత్రం మూడు ఊళ్లూ ఒకటే, పన్నెండు నెలలూ ఒకటే. పోయిన నెల కంటే ఈ నెల ఎక్కువ ఉండాలి, అంతే. "నెల అనేది ఆఫీసోళ్లది చెల్లే. మనోళ్లకు శనివారం ఉంటది, గంతే" అనేవాడు భాయి.

నెలాఖరు వచ్చిందంటే చాలామంది సేల్స్‌మన్లు దుకాణాల్లోకి పెట్టెలు తోసేస్తారు. "పెట్టుకో అక్కా, నాలుగు దినాలైనంక నేనే వాపస్ తీస్కపోత" అంటారు. కంపెనీ లెక్కలో అది అమ్ముడుపోయినట్టే. భాయి ఏనాడూ ఆ పని చెయ్యలేదు. "దుకాణంల పడ్డది అమ్ముడువోయినట్టు గాదు. ఇంట్ల నల్లా కాడ నురుగు రావాలె, గప్పుడు అమ్ముడువోయినట్టు" అనేవాడు.

అలాంటి మనిషికి సాంచాలు ఆగిన నెల ఒకటి వచ్చింది. గుడ్డకు ఆర్డర్లు లేవు. బజారు బోసిపోయింది. మేనేజర్ కారు వేసుకుని వచ్చి, నా దుకాణంలో, నా ముందే, తనకంటే పెద్దవాడైన ఆ మనిషిని నిలబెట్టి, "వచ్చే నెల కూడా ఇంతే అయితే నీ లైన్ ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడు. భాయి చిన్నబిడ్డ అప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆయన తల వంచుకుని పెట్టె మీద కూర్చుని, ఆ రోజు పల్లీపట్టి ముట్టలేదు.

మా బజారు దుకాణాలవాళ్లమంతా ఒక మాట అనుకున్నాం. భాయికి చెబితే ఒప్పుకోడని, చెప్పకుండానే మా ఫోన్లలోని కంపెనీ యాప్‌లోంచి, ఆయన లెక్కలో పడేట్టు, అవసరానికి మించి ఆర్డర్లు పెట్టాం. నా దుకాణంలో ఒక గోడ మొత్తం సబ్బు పెట్టెలతో నిండిపోయింది. ఆ నెల భాయికి కరీంనగర్‌లోని కంపెనీ ఆఫీసులో శాలువా కప్పి ఫోటో తీశారు. ఆ మరుసటి నెల టార్గెట్ ఆ దొంగ అంకె మీద నిలబెట్టారు.

భాయి వచ్చాడు. కూర్చోలేదు. గోడ వైపు చూసి, "ఎంత పని జేస్తిరి చెల్లే! మీరు ప్రేమతోని పెట్టుకున్నరు. గాళ్లకు ప్రేమ కనవడదు, అంకె కనవడ్తది. అన్ని వాపస్ పంపుర్రి" అన్నాడు. అప్పుడే టీవీలో, దేశమంతా చిల్లర అమ్మకాలు పెరిగాయనీ, దక్షిణాదిలో ఇంకా బాగున్నాయనీ ఎవరో కోటు వేసుకుని చెబుతున్నాడు. భాయి నవ్వాడు. "గా పెరిగినదాంట్ల నీ గోడ గూడ ఉన్నది" అన్నాడు.

వాపస్ పంపితే ఆయన నౌకరీ పోతుందని మేము పంపలేదు. ఆయనే కరీంనగర్ పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, టార్గెట్ తగ్గించమని అడిగాడు. "ఒకసారి ఎక్కిన నంబర్ దిగదు. దిగితే పైవాళ్లకు నేనేం చెప్పాలి?" అన్నాడట మేనేజర్. పైవాళ్లెవరో, వాళ్ల పైన ఎవరున్నారో నాకు తెలియదు. అందరి బరువూ ఒక ముసలి స్కూటర్ మీద తిరిగే మనిషి మీద పెట్టారు. ఎండాకాలపు ఎండల్లో ఆయన ఆ అంకె వెంట తిరిగి తిరిగి జగిత్యాల మెట్ల మీద ఒరిగిపోయాడు.

కోరుట్లలో మగవాళ్లు ఖబ్రస్తాన్ నుంచి తిరిగి వచ్చాక, భాయి ఇంటి ముందు గల్లీలో నిలబడ్డాం. నేను మా ఊరి పెట్టెల సంగతి ఎత్తాను. జగిత్యాల పెద్దమనిషి నా ముఖం చూసి, "మా బజార్ల గూడ పెట్టుకున్నం బిడ్డా, ఆయన నౌకరి వోతదని" అన్నాడు. కోరుట్లవాళ్లూ అదే మాట. మూడు ఊళ్లూ ఎవరికి వాళ్లు తామొక్కరే ఆదుకుంటున్నామనుకున్నారు. భాయి భార్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "పోయే ముంగట దినం గూడ అన్నడు, గా పెట్టెలు వాపస్ పోతే నిమ్మలంగ పండుకుంట అని" అన్నది. ఆ సాయంత్రమే కంపెనీ వాట్సాప్ గ్రూపులో భాయికి నివాళి పెట్టారు. అదే శాలువా ఫోటో!

ఆ తర్వాత వచ్చిన నెలాఖరున, మూడు ఊళ్ల నుంచీ, ఒకే రోజు, ట్రాలీ ఆటోల్లో ఆ పెట్టెలన్నీ మాకు సరుకు పంపే కంపెనీ డీలర్ గోదాముకు తోలాం. గోదాములో ఉన్నతను అడ్డంగా నిలబడ్డాడు.

"నెలాఖరుల వాపస్ తీస్కోమమ్మా. ఫిగర్ మైనస్ల వడ్తది."

"గందుకే తెచ్చినం" అన్నాను.

పెట్టెలు దించుతుండగానే అతని ఫోన్ మోగింది, మేనేజరే. నేను అందుకున్నాను. "ఇయ్యాల్టి ఫిగర్ గావాలెనా సార్? దిగింది. రాస్కో" అని పెట్టేశాను.

ఇప్పుడు నా దుకాణంలో ఆ గోడ ఖాళీగా ఉంది. సున్నం మీద పెట్టెల అంచులు ఒరుసుకున్న గీతలు ఉన్నాయి, సబ్బు వాసన ఇంకా పోలేదు. శనివారం నాడు కూలి అందుకుని వచ్చినవాళ్లు నిలబడలేక గల్లా పక్కన బోర్లించిన పెట్టె వైపు చూస్తారు. నేను కుర్చీ చూపిస్తాను.