సికిందర్ అనే తిట్టు

బాన్సువాడ బస్టాండులో ఆటో వెనుక 'సికిందర్' అని కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు నేను సైకిల్ తొక్కినా, కాలువలో ఈత కొట్టినా బాపు ఒకటే మాట అనేవాడు: "పెద్ద సికిందర్ అయింది!" అదేదో బూతుమాట అనుకునేదాన్ని.

పక్కింటి చాచీ తన కొడుక్కు ఆ పేరే పెట్టింది. కోపంతో వాళ్లింటికి ఉరికాను.

"పసిపిల్లగానికి తిట్టు పేరు పెడ్తవా, చాచీ?"

చాచీ పడీపడీ నవ్వింది. "తిట్టు గాదు బిడ్డా. మీ బళ్లె చెప్తరు గదా అలెగ్జాండర్ అని, గా యూనాన్, గదే గ్రీకు దేశం సేనాపతి! ఆయన్నే మేం సికిందర్ అంటం. మనుషులను కాపాడేటోడని అర్థమంట."

నా కోపమంతా బాపు మీదికి మళ్లింది. ఇంటికొచ్చి అరిచాను. "గంత మంచి పేరును తిట్టెందుకు చేసినవ్ బాపూ?"

"ఏందే గా నోరు?" అని చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. మరునాడు సైకిల్‌కు తాళం పడింది. తాళంచెవి తమ్ముడికిచ్చాడు.

వాడు ఆ సైకిల్ మీద నస్రుల్లాబాద్ దాకా పోయొచ్చినా బాపు వాణ్ని ఎన్నడూ సికిందర్ అనలేదు. ఆడపిల్ల భయపడనప్పుడే ఆ మాట ఆయన నోటికి వచ్చేదని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.