వచ్చినట్టు రాయండి

గలీబులక్క అసలు పేరు హోటళ్ళ జీతాల పుస్తకాల్లో తప్ప ఎక్కడా వినపడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మూడు హోటళ్ళలో గదులు సర్దిన మనిషి ఆవిడ. దిండుకు గలీబు తొడగడంలో తనను మించినవాళ్ళు లేరని తోటివాళ్ళు పెట్టిన పేరది. దిండును గడ్డం కింద నొక్కిపట్టి, గలీబు మూతి రెండు చేతులతో తెరిచి ఒక్క విదిలింపు విదిలిస్తే మూలల దాకా దిగి కూర్చునేది. దుప్పటి దగ్గర ఇంకా పట్టింపు. మూలను ఏటవాలుగా, ఉత్తరం కవరు మూతలా మడిచి పరుపు కిందికి తొయ్యాలి. అలా లేకపోతే, వేసింది ఎవరైనా సరే, పీకి మళ్ళీ వేసేది. ఆవిడతో జంటగా పని అంటే కొత్తగా చేరినవాళ్ళు జడిసేవాళ్ళు.

రోజుకు పద్నాలుగు గదులు. అన్ని పక్కలు వేసిన మనిషి వాటిలో ఒక్కదాని మీద నడుం వాల్చలేదు, అంచున కూర్చోను కూడా లేదు. ముందు తలుపు అతిథులది, వెనక గేటు పనివాళ్ళది. చిన్న లిఫ్టు అతిథులది, సామాన్ల లిఫ్టు మనది. ఈ కట్టుబాటు ఎవరూ కాగితం మీద రాసివ్వరు గానీ మొదటి వారంలోనే కాళ్ళకు తెలిసిపోతుంది. కాళ్ళు నేర్చుకున్నది తల మరిచిపొమ్మన్నా మరిచిపోవు. తర్వాత వచ్చిన గొడవంతా అక్కడే పుట్టింది.

మోకాళ్ళు అరిగిపోయి పని మానేసిన ఏడాది తమ్ముడు ఫోన్ చేశాడు. తల్లి పోయాక ఈ తమ్ముణ్ణి ఆవిడే పెంచింది, ఆ దుప్పట్ల జీతంతోనే చదివించింది. అతను వేరే ఊళ్ళో ఉంటూ ఆసుపత్రుల్లో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేస్తాడు. నెలలో సగం రోజులు ఊళ్ళ మీదే. ఎక్కడికి వెళ్ళినా ఒకే కంపెనీ హోటళ్ళలో దిగుతాడు, దిగిన ప్రతి రాత్రికీ వాళ్ళు అతని ఖాతాలో కాసిని పాయింట్లు వేస్తారు. ఆరేళ్ళకు అవి నలభై ఎనిమిది వేలయ్యాయి. పెళ్ళాం పిల్లల దగ్గర ఉండాల్సిన రాత్రులు పరాయి పక్కల మీద పడుకుంటే పోగైన పాయింట్లు అవి. వాటన్నిటినీ ఊడ్చిపెట్టి అక్క ఉన్న ఊళ్ళోనే, సముద్రం ఒడ్డు హోటల్లో, నీళ్ళు కనిపించే గది ఆవిడ పేరు మీద రెండు రాత్రులకు తీసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ అందరికీ పక్కలు వేశావు. రెండు రోజులు నువ్వు వేయించుకో అక్కా" అన్నాడు.

ఎందుకురా ఈ దండగ అని కసిరింది గానీ, ఫోన్ పెట్టేశాక ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకే హోటలు ముందు బస్సు దిగింది. గది ఇచ్చేది రెండింటికి. పెద్ద అద్దాల తలుపు, దాని ముందు చేతికి తెల్ల తొడుగులు వేసుకున్న మనిషి. ఆవిడ రెండు నిమిషాలు నిలబడింది. ముందుగా వచ్చే అతిథుల వల్ల గదులు సర్దేవాళ్ళకు ఎంత నరకమో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? కాసేపు అటూ ఇటూ తిరిగి వద్దామనుకుంది. కాళ్ళు మాత్రం అటూ ఇటూ తిరగలేదు. గోడ వెంబడి నేరుగా వెనక గేటు దగ్గరికి తీసుకుపోయాయి.

కాంట్రాక్టరు పంపిన మనిషివేనా అని వాచ్‌మన్ అడిగాడు. తల దానంతట అదే ఊగింది. రిజిస్టరు ముందుకు తోశాడు. పేరు రాసి, పన్నెండు పది అని టైము వేసి, సంతకం పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడకు ఇందులో తేడా ఏమీ అనిపించలేదు.

లోపల సూపర్‌వైజరమ్మ కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. ఇద్దరు పనికి రాలేదు, ఉతికిన బట్టలు కొండలా వచ్చి పడ్డాయి. ఈవిడను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టయి, చెయ్యిపట్టుకుని తువ్వాళ్ళు మడిచే బల్ల ముందు నిలబెట్టింది. ఎలాగూ రెండింటిదాకా పనేం లేదు కదా, ఒక చెయ్యి వేస్తే పోయేదేముంది అనుకుంది గలీబులక్క. చెయ్యి వేసింది. రెండు గంటలకు సూపర్‌వైజరమ్మ ఆ దొంతర్లు చూసి, నీ చెయ్యి బంగారం అక్కా అని గలీబుల బండి కూడా తోసుకొచ్చింది.

అప్పుడు చెప్పాలి. నేను పనికి రాలేదమ్మా, మీ సముద్రం కనిపించే గదికి వచ్చిన అతిథిని అని. నోరు రాలేదు. రెండు గంటలు పనిచేసిన మనిషి ఇప్పుడు ఆ మాట అంటే నవ్వరూ? ఈ బండి అయ్యాక చెబుదాం అనుకుంది. తర్వాత ఇంకో బండి. గంట గడిచేకొద్దీ మాట బరువెక్కింది. ఆరున్నరకు అందరితోపాటు రిజిస్టరులో సంతకం పెట్టి, అదే గేటు నుంచి బయటపడి బస్సెక్కింది.

ఇల్లు చేరేసరికి తమ్ముడి ఫోన్. గది ఎలా ఉందని అడిగాడు. ఆవిడ తన ఇంట్లో, నులక మంచం మీద కూర్చుని, "బాగుందిరా. సముద్రం కళ్ళెదురుగా ఉంది. దుప్పటి మూల ఒక్కటే సరిగ్గా మడవలేదు" అంది. నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదని తమ్ముడు పడీపడీ నవ్వాడు. పొద్దున్నే వెళ్ళి ముందు తలుపు నుంచే లోపలికి పోదాం, రెండో రాత్రయినా దక్కుతుంది, అబద్ధం సగమైనా నిజమవుతుంది అనుకుని పడుకుంది. పొద్దున హోటలుకు ఫోన్ చేస్తే, మొదటి రోజు మనిషి రాకపోతే రెండు రోజులూ రద్దేనని చెప్పారు.

మూడో రోజు తమ్ముడికి సందేశం వచ్చింది. అతిథి రాలేదు కాబట్టి పాయింట్లన్నీ కోసేశాం, నిబంధన ప్రకారం ఒక రాత్రి రుసుము మీ కార్డు మీద వేశాం అని. గోరుచుట్టు మీద రోకటిపోటు. తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. వెళ్ళానురా అంది. మరి వాళ్ళు రాలేదంటున్నారే అన్నాడు. వెళ్ళాననే చెబుతున్నానుగా అంది ఆవిడ.

"ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా అక్కా" అని మాత్రం అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆరేళ్ళ రాత్రులు పోగేసి చేతిలో పెడితే అక్క వాటిని గడప దాటకుండానే పారేసిందని వాడు అనుకుంటున్నాడు. పాయింట్లు పోయినందుకు కాదు, ఆ మాటకు ఆవిడకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు లేచేసరికి బాధ పోయి కోపం మిగిలింది. నేను వెళ్ళాను. వెళ్ళానని వాళ్ళ చేతే అనిపిస్తాను.

హోటలు కంపెనీకి ఫోన్ చేస్తే, ఖాతా తమ్ముడిది కాబట్టి ఆవిడతో మాట్లాడటం కుదరదన్నారు. తమ్ముణ్ణి పోరి, నా తరఫున అక్క మాట్లాడుతుందని చెప్పించింది. పోనిద్దూ అక్కా, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంటుంది అన్నాడతను. ఎలుకైనా సరే పడతానంది. అక్కణ్ణుంచి పదకొండు రోజుల్లో ఏడుసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ ముందు పాట, తర్వాత ఒక కొత్త గొంతు, ఆ గొంతుకు మొదటినుంచీ కథ. ఫిర్యాదు నంబరు, మాట్లాడినవాళ్ళ పేరు, టైము, అన్నీ పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. గదులు సర్దినప్పుడు ఏ గదిలో ఏం పోయిందన్నా మాట పడకుండా రాసుకునే అలవాటు, ఇప్పుడు పనికొచ్చింది.

ఒకమ్మాయి నిబంధన చదివింది. ఇంకో అబ్బాయి అదే నిబంధన ఇంకాస్త తీపిగా చదివాడు. రద్దు చేసుకోవాలంటే రెండు రోజుల ముందు చేసుకోవాలట. నేను రద్దు చెయ్యలేదు నాయనా, వచ్చాను అంటే, కౌంటర్లో నమోదు కాలేదు కాబట్టి రానట్టేనట. ఏడోసారి ఎత్తింది కాస్త వయసు మళ్ళిన ఆవిడ. చెవిలో జోరీగలా తగులుకున్న ఈ మనిషి మాట చివరిదాకా విన్నది ఆవిడొక్కతే. ఆ తారీఖున అతిథి హోటల్లోకి వచ్చిందని హోటలు మేనేజరు రాసి సంతకం పెడితే, పాయింట్లూ రుసుమూ రెండూ వెనక్కి వేస్తామంది.

ఫోన్ పెట్టేశాక గలీబులక్కకు రిజిస్టరు గుర్తొచ్చింది. తన చేత్తో రాసిన పన్నెండు పది. ఆరున్నర. ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? కానీ అది బయటికి తియ్యాలంటే తమ్ముడికి నిజం చెప్పాలి. వాణ్ణి అతిథుల్లో తిరిగేవాణ్ణి చేసిన అక్క, వాడు కొనిపెట్టిన గదిని వదిలేసి తువ్వాళ్ళు మడతపెట్టి వచ్చిందని చెప్పాలి. ఒక పూటంతా ఇల్లు ఊడ్చిందే ఊడ్చింది. సాయంత్రం ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది.



"ఎన్ని మడిచావు?" అన్నాడు తమ్ముడు.

"తువ్వాళ్ళు మూడొందలు. గలీబులు లెక్కపెట్టలేదు."

తమ్ముడు నవ్వాడు. నవ్వు ఆగాక, సెలవు పెట్టి వస్తాను, ఆ మేనేజరు సంగతి నేను చూస్తానన్నాడు.

"నువ్వొద్దు. వెనక నుంచి వెళ్ళింది నేను. ముందు నుంచి వెళ్ళాల్సిందీ నేనే" అంది అక్క.

మర్నాడు అద్దాల తలుపు ముందు మళ్ళీ నిలబడింది. తెల్ల తొడుగుల మనిషి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ నున్నటి నేల మీద నడుస్తుంటే, ఎవరో వెనక నుంచి ఇటు కాదమ్మా అని పిలుస్తారేమోనని వీపు బిగుసుకుపోయింది. ఎవరూ పిలవలేదు. కౌంటరు దగ్గర మేనేజరు కావాలని అడిగి, వచ్చేదాకా అక్కడున్న మెత్తటి కుర్చీలో కూర్చుంది. అంచున కాదు, వెనక్కి ఆనుకుని.

మేనేజరు కుర్రవాడే, మర్యాదస్థుడే. కంప్యూటర్లో చూసి, ఆ రోజు ఆ పేరుతో ఎవరూ రాలేదన్నాడు. వెనక గేటు రిజిస్టరు తెప్పించండి బాబూ, పద్నాలుగో తారీఖు పేజీ అంది ఆవిడ. అది పనివాళ్ళదని అతను అంటే, అందులో నా పేరుంది అంది. రిజిస్టరుతోపాటు సూపర్‌వైజరమ్మ కూడా వచ్చింది. గలీబులక్కను చూసి, ఈవిడే, ఆ రోజు నన్ను కాపాడింది ఈవిడే అని సంబరపడింది. తర్వాత ఆ మెత్తటి కుర్చీని చూసి, మేనేజరు మొహం చూసి, నెమ్మదిగా బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

మేనేజరు రిజిస్టరులో పేరునూ, కంప్యూటర్లో పేరునూ మార్చి మార్చి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అతిథి చేత పూటంతా చాకిరీ చేయించామని పైవాళ్ళకు తెలిస్తే ఏమవుతుందో లెక్కవేసుకున్నట్టున్నాడు. సొరుగు తీసి, ఆ పూట కూలి ఇప్పించేస్తామమ్మా, దానికి రెట్టింపే తీసుకోండి అన్నాడు.

"కూలి వద్దు. కూలికి రాలేదు నేను" అంది గలీబులక్క. గొంతు పెంచలేదు. "ఆ రోజు నేను మీ అతిథిని. వచ్చినట్టు రాయండి."

కౌంటరు దగ్గరికి మీరు రాలేదు కదమ్మా అని అతను నసిగాడు.

"రాలేదు, ఆ తప్పు నాదే. కానీ ఆరు గంటలు మీ కప్పు కింద ఉన్నాను. ఎవరమ్మా మీరు అని అడిగినవాళ్ళు లేరు. మీరేమైనా అనండి, రాలేదని మాత్రం అనకండి."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఇక్కడ రాజు మేనేజరు మాత్రమే. కాగితం తీశాడు. వచ్చిన టైము మధ్యాహ్నం అని రాస్తే, పన్నెండు పది అని రాయించింది. సంతకం అయ్యాక ఒకటికి రెండుసార్లు చదువుకుని, మడిచి సంచీలో పెట్టుకుని, వచ్చిన తలుపు నుంచే బయటికి వెళ్ళింది.

తొమ్మిది రోజులకు పాయింట్లు తిరిగొచ్చాయి, రుసుము కూడా. ఈసారి వేరే హోటలు చూస్తానన్నాడు తమ్ముడు. ససేమిరా వీల్లేదు, అదే హోటలు, అదే గది అంది. రెండింటికి సరిగ్గా ముందు తలుపు నుంచి వెళ్ళి, కౌంటర్లో పేరు చెప్పి, తాళం తీసుకుంది. నిజంగానే సముద్రం కళ్ళెదురుగా ఉంది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. గది సర్దడానికి ఒకామె వచ్చింది, చెమటలు కక్కుతూ, తొందరతొందరగా. మళ్ళీ రమ్మంటారా మేడమ్ అంది. వద్దు తల్లీ, నీ పని కానివ్వు అంది గలీబులక్క. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె దుప్పటి పీకి, కొత్తది విదిలించి పరిచింది. గలీబు తొడగడానికి దిండుతో పెనుగులాడింది. చేతులు ఊరుకోవడం లేదని గలీబులక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఆమె మూలలు కుక్కేసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చుంది.

కాసేపటికి తమ్ముడు వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. గది ఎలా ఉందక్కా అని అడిగాడు.

ఆవిడ లేచి, పక్క మీద, సరిగ్గా మధ్యలో కూర్చుంది.

"బాగుందిరా. దుప్పటి మూల ఒక్కటే సరిగ్గా మడవలేదు" అంది. ఈసారి అది నిజం.