గచ్చు గీత పక్కన లేసు అంచు

ఇవాళ మా అమ్మాయి క్రోషా ముక్కొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "చూడమ్మా, ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను." అంచు చూడగానే నా వేళ్లు బిగుసుకున్నాయి. పైకి పోయేకొద్దీ ముక్క సన్నబడిపోతోంది.

నరసాపురం చుట్టుపక్కల పెరిగిన ఆడపిల్లలూ, మీ ఇళ్లలోనూ ఇంతేనా? అన్నాలయ్యాక అమ్మలంతా అరుగు మీద చేరి లేసు అల్లేవారు. మనకీ ఒక సూది ఇచ్చేవారు. చెమట చేతులతో ముట్టుకుంటే తెల్లదారం మాసిపోతుందని కసురుకునేవారు. అదంతా ఒక ఎత్తు, సాయంత్రం ఒక ఎత్తు.

సాయంత్రం అమ్మ నా ముక్కని ఎర్ర గచ్చు మీద, గచ్చుకి కొట్టిన గీత పక్కన పరిచేది. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడేదాన్ని. అంచు గీత వెంటే పోతే గండం గడిచినట్టే. వరస చివర గొలుసులో ఆఖరి కుట్టు వేయడం మరిచిపోయానో, వరసకో కుట్టు తగ్గి అక్కడినించి అంచు గీతని వదిలి లోపలికి పోయేది.

అమ్మ తిట్టేది కాదు. "ఇక్కడ వదిలేశావే" అని దారం కొస పట్టుకుని లాగేది. సర్రుమని వరసలు ఊడిపోయేవి. తప్పు అడుగు వరసలో ఉంటే, దాని పైన బాగా కుదిరినవి కూడా పోయేవి.

ఇప్పుడు చూసుకుంటే, మా అమ్మాయి అల్లిన ముక్క దారం కొస నా వేళ్ల మధ్య ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు.

తలెత్తాను. అది ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది.