మ్యూజియం గంగాళంలో ముక్కల పులుసు

ముందే చెప్పేస్తా ఉండా. చిన్నదాన్ని చిన్నదిగా చెప్పే విద్య నాకు అబ్బలేదు. ఇంట్లో చీమ కనబడిందని నేనంటే, దానికి తొండం ఎంత పొడుగుందని మా ఆవిడ అడుగుతుంది. వాన వస్తోందని నేనంటే ఆరేసిన బట్టలు తీయదు, వాకిట్లోకి పోయి చెయ్యి చాపి చూస్తుంది. అందుకని ఈ కథలో నేను ఏ కొలత చెప్పినా మీరు సగం కొట్టేయండి. మిగిలిన సగంలో మళ్ళీ సగం కొట్టేయండి. అప్పటికీ అసలుకన్నా కాస్త ఎక్కువే మిగులుతుంది. జరిగింది మాత్రం జరిగిందే. నేను కల్పించింది ఏదో చివర నేనే చెప్తా.

అప్పట్లో నేను బళ్ళారి పక్క సిరిగేరికి అవతల ఒక ఊళ్ళో బడిలో చిన్నయ్యవారిని. తుంగభద్ర కాలువ వచ్చి కొన్నేళ్ళే అయింది. అంతవరకు జొన్న తప్ప ఇంకోటి ఎరగని నల్లరేగడి, నీళ్ళు తాగి తాగి వరి కంటోంది. ఆ నీళ్ళ వాసన పట్టి కృష్ణ ఒడ్డునుంచి రైతులు ఆవూ దూడా, పెట్టే బేడా, ఊరగాయ జాడీలతో దిగి, మా ఊరి పక్కనే గుడిసెలు వేసుకున్నారు. దాన్ని క్యాంపు అనేవాళ్ళం. మాదీ తెలుగే, వాళ్ళదీ తెలుగే. మేము "యాడికి?" అంటే వాళ్ళు నవ్వేవాళ్ళు, వాళ్ళు "ఎక్కడికండీ?" అంటే మేము నవ్వేవాళ్ళం. ఇద్దరం కలిసి కన్నడం మాట్లాడితే మాత్రం ఊరిపెద్ద గౌడరు చెవులు మూసుకుని లోపలికి పోయేవాడు.

బడికి పెద్దయ్యవారు ఒకాయన ఉండేవాడు. మిషను చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన, తక్కిన దినాలు రాళ్ళు. కప్పగల్లు కొండమీద కొడితే గంటల్లా మోగే బండలు ఉన్నాయి కదా, సెలవు దొరికితే సైకిలెక్కి అక్కడికి పోయి, చుట్టుపక్కల చేలల్లో రాతి గొడ్డళ్ళు ఏరుకొచ్చేవాడు. ఇనుము ఎరగని కాలంలో మనుషులు నున్నగా అరగదీసి, ఒక పక్క పదును పెట్టుకున్నవి. మావాళ్ళకు అవి పిడుగురాళ్ళు. పిడుగుతో పాటు పైనుంచి పడతాయని, గొడ్లపాకలో పెట్టి పసుపు పూస్తే పశువులకు రోగం రాదని నమ్మకం. పెద్దయ్యవారు ఎన్ని ఏరాడంటే, కప్పగల్లు కొండ ఒక పక్కకు ఒరిగిందని హగరి స్టేషన్లో రైలు దిగినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

ఆయన ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. మంచం కింద రాళ్ళు, గూట్లో రాళ్ళు, బియ్యం డబ్బాలో అడుగున రాళ్ళు. ఒకనాడు అయ్యవారమ్మ కందిపప్పులో రాయి ఏరి పారేయబోతే, "ఉండు, ఒకసారి చూపించు" అన్నాడంట. ఆమె చేట కింద పెట్టింది.

"ఈ ఇంట్లో ఆ రాళ్ళన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల. ఏదో ఒకటి చెప్పు."

పెద్దయ్యవారు కాస్త ఆలోచించాడు. ఆ కాస్త ఆలోచించడమే కొంప ముంచింది. ఆమె రాళ్ళన్నీ గోతాముల్లో కట్టి గడప బయట పెట్టి, వీటికి ఇంకో చోటు దొరక్కపోతే కాలువలో వేయిస్తానని తేల్చి చెప్పింది.

మేమిద్దరం పంచాయతీ ఛేర్మన్ దగ్గరికి పరుగెత్తాం. చావడి పక్కన ఒక ఖాళీ గది ఉంది. దాంట్లో సొసైటీ అమోనియా ఎరువు బస్తాలు పేర్చాలని ఆయన ఆశ. పక్కనే ఆయన పొలం ఉండటం కేవలం దైవికం.

"మ్యూజియమంటే ఏందప్పా?" అన్నాడు ఛేర్మన్.

"పాతవి పెట్టి జనానికి చూపించే చోటు."

"మా అవ్వను తెచ్చి కూర్చోబెట్టల్లనా?"

"మాట్లాడని పాతవి" అన్నాడు పెద్దయ్యవారు.

"అయితే మా అవ్వ పనికిరాదులే" అని ఛేర్మన్ ఒక షరతు పెట్టాడు. బోర్డు ఆఫీసరు బళ్ళారినుంచి తనిఖీకి వస్తాడు. జనం దీన్ని వాడుకుంటున్నారు, ఊరికి ఉపయోగం అని ఆయన అంటే గది రాళ్ళది. లేదంటే గది అమోనియాది.

గది అమోనియాది అయితే రాళ్ళు కాలువవి. అది ఆయన చెప్పలేదు, మాకు తెలుసు.

బల్లలు వేశాం, రాళ్ళు పరిచాం, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లో అట్టముక్కలు రాశాం. పెద్దయ్యవారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఆయన నిలబడి నిలబడి ఉంటే, ఆయన్నే చూడదగ్గ వస్తువు అనుకుని ఒక మేక వచ్చి చొక్కా కొస నమిలి పోయింది. వచ్చిన ఒకే ఒక రైతు లోపలంతా కలయజూసి, "రాళ్ళేనా? మా చేన్లో ఇంతకంటే పెద్దవి ఉండాయి" అని బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. క్యాంపువాళ్ళు తెచ్చుకున్న పాత సామాను అడిగి పెడదాం, వాళ్ళ సామాను చూసుకోను వాళ్ళే వస్తారు, ఆ వంకన రాళ్ళూ చూస్తారు. క్యాంపులో ఒక మామ్మగారి దగ్గర ఇత్తడి గంగాళం ఉండేది. దాన్ని తోమడానికి లోపలికి దిగిన మనిషి పైకి వచ్చేసరికి ఊళ్ళో ఎన్నికలు అయిపోయేవి. లోపల తల పెట్టి పేరు పిలిస్తే, భోంచేసి వచ్చేదాకా మారుమోగుతా ఉండేది. అడిగాను.

"పెట్టే గదికి పెంకులున్నాయా, తాటాకా?" అంది మామ్మగారు.

"పెంకులే మామ్మగారూ."

"తాళం?"

"రెండు చేతులతో తిప్పాలి."

"అయితే పట్టుకెళ్ళు నాయనా. ఈ గుడిసెలో దీన్ని పెడితే మేం బయట పడుకోవాల్సొస్తోంది."

మర్నాటికి క్యాంపంతా కదిలింది. గుండిగలు, ఆవకాయ జాడీలు, పెళ్ళిళ్ళలో పప్పు కలిపే తెడ్లు, మనిషిని ఊపి పడేసే తిరగళ్ళు. బండ్లమీద వస్తూనే ఉన్నాయి. పెద్దయ్యవారి కళ్ళలో నీళ్ళు. "చూసినావా అప్పా, జనానికి చరిత్రమీద ఎంత ప్రేమ ఉండాదో!" అని ప్రతిదానికీ అట్టముక్క కట్టాడు. గంగాళం చెవికి కట్టినదాంట్లో "ముట్టరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా కొట్టాడు.

వాళ్ళకు చరిత్రమీద కాదు ప్రేమ, పెంకులమీద. వాళ్ళ కృష్ణ ఒడ్డు ఊళ్ళల్లో విందు సామాను ఎవరో ఒకరి పెంకుటింట్లో ఉంటుంది. పని పడ్డవాళ్ళు తీసుకుపోతారు, తోమి తెచ్చి పెడతారు. అట్లాంటి ఇల్లు ఇక్కడ కూడా ఒకటి దొరికిందని వాళ్ళు సంతోషపడ్డారు. ఈ సంగతి మాకు సీమంతం గుండిగ కోసం ఒకాయన బండి కట్టుకుని వచ్చినప్పుడు తెలిసింది.

పెద్దయ్యవారు గుమ్మానికి చేతులు అడ్డం పెట్టాడు. "మ్యూజియంలో పెట్టింది ముట్టుకోగూడదు!"

"ముట్టుకోకపోతే చిలుం పట్టదటండీ?" అని ఆయన గుండిగ ఎత్తుకుపోయాడు.

పోయినవి తిరిగి వచ్చేవి, వచ్చినవి మళ్ళీ పోయేవి. తెచ్చి పెట్టేటప్పుడు చింతపండుతో తోమి తెచ్చేవాళ్ళు. మా మ్యూజియం అంత తళతళలాడే మ్యూజియం మైసూరులో కూడా ఉండదు. కానీ రాళ్ళ బల్ల వైపు ఎవరూ తిరిగి చూడలేదు. పెద్దయ్యవారు గుండిగలు ఎత్తుకుపోయేవాళ్ళ వెంటబడి రాతి గొడ్డలి చూపించేవాడు. వాళ్ళు "బరువు మీదున్నామండీ, పక్కకి జరగండి" అనేవాళ్ళు.

ఇంతలో మామ్మగారి మనవరాలి పెళ్ళి వచ్చింది. ఆ పొద్దున గంగాళంతో సహా మ్యూజియం మొత్తం క్యాంపుకి తరలిపోయింది. మేమూ పోదామని చొక్కాలు తొడుక్కుంటున్నాం. చావడి ముందు జీపు ఆగింది. తనిఖీ రేపని ఛేర్మన్ చెప్పాడు. ఆఫీసరేమో ఇవాళే దిగాడు. వాళ్ళిద్దరిలో ఎవరు పొరబడ్డారో గానీ, అమోనియా బస్తాల బండి మాత్రం సరిగ్గా ఆ పొద్దునే వచ్చి మా గది ముందు నిలబడి ఉంది.

ఆఫీసరు లోపలికి పోయాడు. బల్లలున్నాయి, అట్టముక్కలున్నాయి. "పురాతన గంగాళం" అన్న చోట గుండ్రటి దుమ్ము మరక. రాళ్ళ బల్ల కూడా ఖాళీ! పెద్దయ్యవారు దాన్ని చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎల్లి రీ మ్యూజియం?" అన్నాడు ఆఫీసరు, ఎక్కడ అని.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "సార్, మ్యూజియం పెళ్ళికి పోయింది."

ఛేర్మన్ బండివాడికి బస్తాలు దించమని సైగ చేశాడు. ఆఫీసరు ఆ చెయ్యి పట్టుకుని ఆపి, "పెళ్ళి ఎల్లి?" అన్నాడు. వంట వాసన ఆయనకి అప్పటికే తగిలింది. ముక్కల పులుసు ఉడికితే బళ్ళారి కోటలో కాపలావాడికి కూడా ఆకలయ్యేది.

అందరం జీపెక్కాం. క్యాంపు పందిట్లో గాడిపొయ్యిమీద మన గంగాళం కుతకుతలాడుతోంది. మునక్కాయలు, గుమ్మడి ముక్కలు ఏట్లో మొద్దుల్లా తేలుతున్నాయి. చెవికి కట్టిన అట్టముక్క పొగకు నల్లబడినా "ముట్టరాదు" అన్నది మాత్రం చక్కగా కనబడుతోంది. వంటాయన ఆ అట్టముక్కతోనే చెవి పట్టుకుని గంగాళం జరిపాడు.

మామ్మగారు ఎదురొచ్చింది. "మీరెవరో గానీ బాబూ, ముందు కూర్చోండి. బంతి లేస్తే మళ్ళీ మధ్యాహ్నం తిరిగిపోద్ది."

కూర్చున్నాం. అప్పుడు గాలి లేచింది చూడండి! హగరి ఏటి ఇసుకంతా ఎగిరొచ్చి పందిట్లో దూరింది. పెళ్ళికొడుకు బాసికం మూడు ఊళ్ళు దాటింది. విస్తరాకులన్నీ కొంగల్లా లేచి పోవాల్సిందే. కానీ ఒక్క ఆకూ కదల్లేదు. ప్రతి విస్తరి మీదా ఒక రాయి బరువు పెట్టి ఉంది. నున్నటి రాయి, ఒక పక్క పదును.

"నా గొడ్డళ్ళు!" అని పెద్దయ్యవారు అరిచాడు.

ఆఫీసరు తన విస్తరి మీది రాయి తీసి తిప్పి చూశాడు. బొటనవేలు ఆనించుకునే చోట చిన్న గుంట. ఆయన వేలు సరిగ్గా అందులో పట్టింది. తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఇదేను?" అన్నాడు, ఇదేందని.

పెద్దయ్యవారు తన ఆకు ముట్టకుండానే లేచాడు. అప్పటికి అన్నం వడ్డించారు, పప్పు వేశారు. తినేవాళ్ళు బంతి నడుమ లేవకూడదు, లేస్తే వడ్డించిన ఇంటికి అవమానం. ఇన్ని నెలలుగా ఒక్క మనిషి దొరకని ఆయనకు పందిరి ఆ కొసనుంచి ఈ కొసదాకా చెయ్యి అన్నంలో ఉన్న జనం దొరికారు. ఆయన వదుల్తాడా? వడ్డించేవాళ్ళ వెంట వరస వరసకీ నడుస్తూ చెప్పాడు. రాజులు లేని కాలం, ఇనుము లేని కాలం, ఇదే నేలమీద గొడ్లను మేపుకున్న మనుషులు. ముందు నెయ్యి, వెనక చరిత్ర.

"పిడుగుతో పడింది కాదా ఇది?" అన్నాడు మా ఊరి రైతు ఒకడు. బీడీ వెలిగించుకుని పోయినాయనే.

"మనిషి చేసిందప్పా. నీలాంటోడే. కూర్చుని, దినాల తరబడి అరగదీసినాడు."

"మా పాకలో ఉండేది కూడానా?"

"అదీ."

ఆ రైతు రాయిని ఎడమచేత్తో పట్టుకుని గాలిలో ఒక దెబ్బ వేసి చూశాడు. "పిడి ఎట్ల కట్టినాడబ్బా?" ఇంకొకాయన, కాలువ గట్టు తవ్వేటప్పుడు ఇట్లాంటివి బుట్టల్లో పోశామన్నాడు. మామ్మగారు రాయి ఒడిలో పెట్టుకుని, "పసుపు కొమ్ములు నూరడానికి భలే ఉంటదే" అంది. పెద్దయ్యవారు మొదటిసారి "ముట్టరాదు" అనలేదు.

ఆఫీసరు పులుసు రెండోసారి వేయించుకున్నాడు. మూడోసారి కూడా. చెయ్యి కడుక్కుని ఛేర్మన్ వైపు తిరిగి, "గొబ్బర బేరె కడె ఇడ్రి" అన్నాడు. ఎరువు ఇంకో చోట పెట్టుకోండి అని. "ఇష్టు జన ఉపయోగిసువ మ్యూజియం నాను నోడే ఇల్ల." ఇంతమంది వాడుకునే మ్యూజియం ఆయన చూడనే లేదట. బస్తాలు ఆ పూటే ఛేర్మన్ వసారాలోకి చేరాయి. ఆయన అవ్వ మాట్లాడని పాతది కాదని నేను ముందే చెప్పాను. ఆ వాసనకు ఆమె తిట్టిన తిట్లు సిరిగేరి సంతలో వినపడ్డాయి.

రాళ్ళు తోమి తెచ్చి గదిలో పెట్టారు. తరవాత పిడుగురాళ్ళు కూడా ఒకటొకటే పాకలనుంచి వచ్చాయి, పసుపుతో సహా.

ఇప్పుడు నేను కల్పించింది చెప్తా. గంగాళం నిజం, అట్టముక్క నిజం, రాళ్ళూ నిజం. గాలి మాత్రం అబద్ధం. ఆ దినం ఆకు కదల్లేదు. పొయ్యి పొగ నిలువుగా పోయింది. పెళ్ళికొడుకు బాసికం వాడి నొసటనే ఉంది. ఆ పొద్దున అయ్యవారమ్మ తాళం తీయించి, మర్నాటి తనిఖీలోగా జనం వాటిని ముట్టుకోవాలని, రాళ్ళు బుట్టలకెత్తి క్యాంపుకి మోయించింది. విస్తరి విస్తరికీ తన చేత్తోనే పెట్టింది. జీపు దిగుతూనే నేను చూసి నోరు తెరిస్తే నా వైపు వేలు చూపించింది.

"ఆ గది పోతే ఈ రాళ్ళు మళ్ళీ నా ఇంటికే వస్తాయి. నేను పడల్లనా? ఎవురైనా అడిగితే గాలి అని చెప్పప్పా."

అప్పటినుంచి గాలి అనే చెప్తా ఉండా.