గ్లాసెడు నీళ్ళు ఒలకని బ్రేకు

"బండి ఎవలికన్న ఇస్తే బ్రేకు సూసి ఇయ్యి."

"బ్రేకు సంగతి నాకేం ఎర్క?"

"గిలాస పట్టుకొని ఎనుక కూసున్నది నువ్వే గద. నీకు ఎర్క లేకుంటే ఇంకెవలికి ఎర్క?"

మా ఆయనకూ నాకూ నడుమ జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపట్టిందనుకుని దుప్పటి సర్ది, టీ తాగుదామని దవాఖానా బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. "పోయేముందు ఏమన్నడు, ఏమన్నడు" అని చుట్టాలంతా అడిగారు. బ్రేకు గురించి అన్నాడని చెబితే కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నారు. నవ్వనీ. నాకు అది చిన్న మాట కాదు. ఎందుకు కాదో మా మరిది బిడ్డకు చెబుతున్నాను, తను రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు.

మాది సిరిసిల్ల. ఆయన సాంచాలు నడిపేవాడు, నేను బీడీలు చుట్టేదాన్ని. సాంచ అంటే మరమగ్గం. పొద్దున షెడ్డుకు పోగానే నూనె డబ్బా పట్టుకుని, సాంచకు కదిలే కీలు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా చుక్క చుక్క పోసి, అప్పుడు గాని స్విచ్చు వేసేవాడు కాదు. పళ్ళు తోముకోవడం ఎట్లానో ఆయనకు అది అట్లా. ఆ నూనె డబ్బా సంగతి యాదిలో పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా అమ్మది కోరుట్ల. నాన్న పోయాక ఒక్కతే ఉండేది, నేను తప్ప ఆమెకు వేరే పిల్లలు లేరు. షుగరు మనిషి. కాలి బొటనవేలు దగ్గర ముల్లు గుచ్చుకుని పుండు పడింది. జగిత్యాలలో డాక్టరు చూసి, వారం వారం వచ్చి కట్టు మార్పించుకోవాలి, లేకపోతే తీసేయాల్సి వస్తుందన్నాడు.

"ఏందయ్యా తీసేసేది? కాలి ఏలునా?" అని అడిగింది మా అమ్మ.

"పాదం."

ఆ రోజు నుంచి నేను వారానికోసారి సిరిసిల్లలో బస్సెక్కి కోరుట్ల పోవడం, అక్కడి నుంచి అమ్మను ఇంకో బస్సులో జగిత్యాల తీసుకుపోవడం, మళ్ళీ ఇంటి దగ్గర దింపి రావడం. అలవాటైపోయింది.

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బడులు మూశారు. బొగ్గు బావులు బందు కాగానే కరెంటు కూడా పోతూ ఉండేది, సాంచాలు చప్పుడు లేకుండా నిలబడ్డాయి. సాంచాల చప్పుడు లేని సిరిసిల్లను నేను అంతకుముందు ఎరుగను. మేమూ పోరాటంలో ఉన్నవాళ్ళమే. బీడీల ఆడవాళ్ళమంతా చాటలు పట్టుకుని పోయి టెంటు కింద కూర్చునేవాళ్ళం. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్ళు జై తెలంగాణ అనేవి. కానీ నా పానమంతా కోరుట్లలోనే ఉండేది. ఒక కట్టు తప్పిపోయింది. పక్కింటావిడ ఫోన్ చేసి, "కాలు వాసన అస్తున్నదే" అంది. ఆటోవాళ్ళను అడిగితే ఊరు దాటి రామన్నారు, దారిలో ఎక్కడ ఆపేస్తారో తెలియదని.

ఆ సాయంత్రం ఆయన షెడ్డు నుంచి ఒక బండిని తోసుకుంటూ వచ్చాడు. షెడ్డు యజమాని అయిన సేటు వాళ్ళ నాయన ఒకప్పుడు నడిపిన మోటారు సైకిలు. నూలు పెట్టెల వెనకాల ఏళ్ళ తరబడి పడి ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి, సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. "తీస్కపో, జాగన్న ఖాళీ అయితది" అన్నాడట సేటు.

"ఇగో, ఇనుప సామానోనికి అమ్మతందుకు తెచ్చినవా?" అన్నాను.

"మీ అవ్వను జగిత్యాల తీస్కపోతందుకు తెచ్చిన."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పైసలు లేవని ఇద్దరికీ తెలుసు. సాంచాలు నడిస్తే కదా కూలీ.

మరునాటి నుంచి మా వాకిలే ఆయన షెడ్డు అయింది. ఆ పనితనం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. గొలుసును విప్పి కిరోసిన్‌లో నానబెట్టాడు. ట్యాంకులో గులకరాళ్ళు పోసి, చీరతో చెట్టుకు కట్టి ఉయ్యాల ఊపినట్టు ఊపితే లోపలి తుప్పంతా ఎర్రటి నీళ్ళై బయటికి వచ్చింది. బ్రేకు పెడలును వెనక్కి లాగే స్ప్రింగు లేకపోతే, పాడైన సాంచ స్ప్రింగు తెచ్చి తగిలించాడు. సీటుకు నేనే షెడ్డులో మిగిలిన గుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టాను. ర్యాలీకి పోతున్న పిల్లల బండి వెనక కూర్చుని జగిత్యాల పోయి, పాత సామాన్ల దుకాణంలో టైర్లు, తీగలు, ఇంకా ఏవేవో ఏరుకుని సంచీలో వేసుకుని వచ్చాడు. అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. ఒక్కటే కొత్త పొట్లం.

"గిదేంది, గిది మాత్రం కొత్తది తెచ్చినవు?"

"బ్రేకు షూలు. చక్రం లోపటి డబ్బాల ఉంటయి. కాలుతోని తొక్కితే ఇవి రెండు ఎడంగ జరిగి డబ్బాను పట్టుకుంటయి, బండి ఆగుతది. పోతందుకు పాతయి నడుస్తయి. ఆగుతందుకు నడువయి."

ఆ మాట ఆయన గొప్పకు అనలేదు, పొట్లం విప్పుతూ అన్నాడు. నాకు మాత్రం అప్పుడే తెలిసింది, ఈ మనిషి మా అమ్మను నిజంగానే తీసుకుపోతాడని.

అయితే బండి ఎక్కడం దగ్గర మా అమ్మ అడ్డం తిరిగింది. ఫోన్లో చెప్పగానే కోపానికొచ్చింది.

"అల్లుని ఎనుక కూసుంటనా? నడుం పట్టుకోవాల్నా? కోరుట్లల మంది ఉన్నరే, ముండా! నేను ఇప్పటిదాంక అల్లుని ముంగట గద్దె మీద కూసోలే."

మా దిక్కు అత్త అల్లుడి ఎదురుగా కూర్చోదు, ఆయన వస్తుంటే తలుపు చాటుకు పోతుంది. మా అమ్మ ఇంకా గట్టి మనిషి. కాలు పోయినా ఫరవా లేదు, అల్లుణ్ణి ముట్టనంది. నేను ఏడ్చాను. ఆయన ఫోన్ తీసుకుని, ఆమెకు వినబడేటట్టు, ఆమెతో నేరుగా మాట్లాడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"నడుమ వాళ్ళ బిడ్డ కూసుంటది. అత్తమ్మ బిడ్డను పట్టుకుంటది. నన్ను పట్టుకునుడు లేదు."

తర్వాత మా అమ్మ, ఆమె కూడా గోడకే చెప్పినట్టు, "గట్లయితే అచ్చుడే" అంది.

ఇట్లా ఇద్దరి బండి కాస్తా ముగ్గురి బండి అయింది. ముగ్గురి బరువును ఆపాలి. పైగా అమ్మ కట్టు కాలు బయటికి చాపి కూర్చుంటుంది, ఎక్కడన్నా గట్టిగా అదిరిందా పుండు పగులుతుంది.

బండి స్టార్టైన రోజు వాకిలంతా పొగ. ఆడవాళ్ళంతా బీడీల చాటలు పక్కకు పెట్టి చప్పట్లు కొట్టారు. ఆయన ఒక్కడే ఎక్కి చూసి వస్తానని పోయాడు. రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తినడం, సమ్మెలో అదొక పద్ధతి. మేమూ కూరగాయలు తరుగుతూ అక్కడే ఉన్నాం. దూరం నుంచి ఈయన వస్తున్నాడు. వాలు దిగుతున్నాడు. దగ్గరికి వస్తున్నాడు. ఆగడం లేదు.

"జరుగుండ్రి! జరుగుండ్రీ!" అని అరుస్తున్నాడు.

ఆడవాళ్ళు కత్తిపీటలు వదిలి లేచారు. ఆయన రెండు కాళ్ళూ నేలకు ఆనించి, చెప్పులు ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చి సాంబారు గంగాళం ముందు నిలబడ్డాడు. ముందు చక్రం గంగాళాన్ని మెల్లగా తాకింది, అంతే. ఒక చెప్పు ఎక్కడో తెగిపోయింది.

"ఏందన్నా, తెలంగాణ అచ్చేదాంక ఆగవా?" అన్నాడు గరిటె పట్టుకున్నాయన.

"సాంబారు కోసమే అచ్చిండు, ఆకలయినట్టున్నది," అంది పక్కావిడ.

అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం ఆ బండి వెనక మా అమ్మను ఊహించుకున్నాను.

ఇంటికి తోసుకొచ్చి చక్రం విప్పాడు. లోపల వేలు పెట్టి తీసి చూపించాడు. వేలంతా నూనె.

"నేనే పోసిన. బండి మొత్తం బిగించినంక నూనె డబ్బ పట్టుకొని తిరిగిన. కదులుతున్నది గదా అని దీనికి గూడ పోసిన. సాంచకు పోసినట్టు పోసిన."

పట్టుకోవాల్సిన దానికి నూనె పోస్తే అది జారుతుంది కానీ పట్టుకుంటుందా? అందరం సాంచాల వాళ్ళమే, ఆ వాకిట్లో ఉన్న ఏ మగవాడైనా అదే చేసేవాడు. కానీ ఈయన దాచుకోలేదు. వచ్చినవాళ్ళకల్లా తనే చెప్పాడు, నవ్వినవాళ్ళతో తనూ నవ్వాడు. నవ్వుతూనే చేతులు పని చేస్తున్నాయి. కొత్త షూలు కొందామంటే ఆ రోజు బందు, ఎక్కడా షట్టరు లేవలేదు. అమ్మ కట్టు రోజు మర్నాడే.

"నీ రొట్టె పెంక తే."

"ఎందుకు?"

"తే అంటున్న గద."

నేను జొన్నరొట్టె కాల్చే పెంకను పొయ్యి మీద పెట్టి, సన్నని సెగన ఆ షూలు రెండూ దాని మీద పెట్టాడు. కాసేపటికి చెమట పట్టినట్టు వాటి ఒంట్లోంచి నూనె బయటికి వచ్చింది. తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తుడిచాడు. నూనె రావడం ఆగేదాకా అదే పని. అప్పుడు పెట్రోలుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దాడు. చక్రం లోపలి డబ్బాను కూడా అట్లాగే రుద్దాడు. అంత ఓపిక నాకు బీడీలు చుట్టడంలో కూడా లేదు. ఆ పెంక మీద కొన్నాళ్ళు రొట్టె చేస్తే అదో రకం వాసన వచ్చేది, అది వేరే సంగతి.

బిగించాక నన్ను ఎక్కమన్నాడు. నా వెనకాల మా అమ్మకు బదులు బియ్యం బస్తా కట్టాడు. నా చేతికి స్టీలు గ్లాసు ఇచ్చి నిండా నీళ్ళు పోశాడు.

"గిదేం పూజ?"

"నేను బ్రేకు కొడుత. నీళ్ళు ఒలికితే చెప్పు. నీళ్ళు ఒలికినయంటే మీ అవ్వ కాలు అదిరినట్టు."

మొదటిసారి గ్లాసులో సగం నా జాకెట్టు మీద పడ్డాయి. దిగి, పెడలు దగ్గరి రాడ్డు మరను కొంచెం తిప్పాడు. మళ్ళీ వాలు దిగాం. మళ్ళీ ఒలికాయి. మళ్ళీ దిగాడు, మళ్ళీ తిప్పాడు. గల్లీలో వాళ్ళంతా అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు, "ఒదినే, తానం అయిందా?" అని. నాకు సిగ్గు, ఆయనకు లేదు. చివరికి ఒకసారి బండి ఆగింది, నీళ్ళు గ్లాసు అంచుదాకా వచ్చి వెనక్కి పోయాయి, ఒక్క చుక్క జారలేదు. ఆయన వెనక్కి తిరిగి గ్లాసు చూసి, నా చేతిలోంచి తీసుకుని ఆ నీళ్ళు తాగేశాడు.

మర్నాడు పొద్దున్నే కోరుట్ల పోయాం. బండి వెనక పక్కన, కాలు ఆనించడానికి ఒక చెక్క కట్టి, దాని మీద సాంచ తోలు పట్టీ మెత్తగా చుట్టాడు. అమ్మ మొహం మీదికి కొంగు లాక్కుని ఎక్కింది. నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే నాకు ఊపిరాడలేదు. మేడిపల్లి దాటాక, మలుపు తిరగగానే రోడ్డు నిండా మనుషులు. పొయ్యిలు, పిల్లలు, కూర్చున్న ఆడవాళ్ళు. నేను కళ్ళు మూసుకున్నాను. గ్లాసు లేకపోయినా చేతి వేళ్ళు గ్లాసు పట్టుకున్నట్టే ముడుచుకున్నాయి.

కళ్ళు తెరిచేసరికి ఒక పిల్లవాడు మా చక్రం వైపు చూస్తూ అన్నం తింటున్నాడు. బండి నిలబడి ఉంది.

"ఏమాయెనే? ఎందుకు పోతలేం?" అంది అమ్మ కొంగు కింద నుంచి.

"ఆగినం అవ్వా."

"ఎప్పుడు ఆగినం? నాకు తెల్వనే లేదు."

ఆయన వీపు కదిలింది. నవ్వాడో, గట్టిగా ఊపిరి వదిలాడో నాకు ఇప్పటికీ తెలియదు. రోడ్డు మీద వాళ్ళు కట్టు కాలు చూసి దారి ఇచ్చారు, అమ్మ చేతిలో విస్తరాకు పెట్టారు. "జై తెలంగాణ అను పెద్దవ్వా" అంటే, అల్లుడి ముందు గొంతెత్తడం ఎట్లా అని నా చెవిలో అంది. నేను గట్టిగా అన్నాను, ఇద్దరి తరఫునా.

సమ్మె అయిపోయేదాకా ఒక్క కట్టూ తప్పలేదు. వేలు పోయింది, పాదం నిలిచింది. దుకాణాలు తెరవగానే ఆయన మళ్ళీ కొత్త షూలు వేశాడు, వాటికి నూనె చూపించలేదు. మా అమ్మ ఆ పాదంతోనే నడిచింది, కోరుట్లలో తన వాకిలి తనే ఊడ్చుకుంది. ఆయనతో ఎప్పుడూ ఎదురుగా ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆయన పోతే దండెం దగ్గర నిలబడి ఏడుస్తూ, ఆ కాలు ముందుకు పెట్టి నాకు చూపించింది. అంతే, ఇంకేమీ అనలేదు.

మొన్న మా మరిది, అంటే ఇది రాస్తున్న పిల్ల వాళ్ళ నాయన, బండి అడిగాడు. ఊరికే మూలకు ఎందుకు వదినా అన్నాడు. నేను గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని వెనక కూర్చున్నాను. గల్లీ చివర బ్రేకు కొట్టాడు. నా చీరంతా తడిసింది. బండి ఇవ్వలేదు. రాడ్డు మర సరిచేసుకుని రా, మళ్ళీ కూర్చుంటానన్నాను.

గింతే బిడ్డా. నీ బాపు సంగతి గూడ రాసినవు గద, కొట్టెయ్యకు. ఇగ మొదటికెల్లి సదువు, నేను ఇంట. మీ పెద్దబాపు మాట అచ్చిన కాడ జర మెల్లగ సదువు.